చదివినవారి మాట రాసేవారిని ఎలా నిలబెడుతుంది?

పాడేవారికి పాట సాగుతుండగానే ఎదుటివారి ముఖాలు కనిపిస్తాయి. మాట్లాడేవారికి అవతలి మనిషి తల ఊపడం, కనుబొమలు ముడవడం, ఊ కొట్టడం అప్పటికప్పుడే అందుతాయి. రాతకు ఆ వెసులుబాటు లేదు. రాయడం ఒకచోట, చదవడం మరొకచోట జరుగుతాయి. మధ్యలో రోజులు గడవవచ్చు, ఏళ్లూ గడవవచ్చు. ఆ ఎడం దాటి వెనక్కి వచ్చే ఏకైక సంకేతం పాఠకుల స్పందన. అది వచ్చిన రోజున ఇంకో నాలుగు పేజీలు రాయాలనిపించిందని, రాకపోయేసరికి కలం మూలన పడిందని చెప్పే రచయితలు కోకొల్లలు. మరోవైపు, లోపల తపన ఉన్నవాడు ఎవరు చదివినా చదవకపోయినా రాస్తాడని, మెప్పు కోసం రాసేది అసలు రాతే కాదని వాదించేవారూ అంతే గట్టిగా ఉన్నారు.

రాసిన నిమిషంలోనే ఎంతమంది చూశారో, ఎంతమందికి నచ్చిందో అంకెల్లో తెలిసిపోతున్న ఈ రోజుల్లో ఈ వాదం మరింత చిక్కుపడింది. చిక్కు ఎక్కువగా మాటల దగ్గరే ఉంది. స్పందన అని ఒకరు అన్నది, మరొకరు అన్నది ఒకే వస్తువు కాదు. ప్రేరణ విషయంలోనూ అంతే. కనుక ముందుగా ఈ రెండు మాటలనూ విప్పి చూడాలి.

స్పందన అనే ఒక్క మాటలో ఇమిడి ఉన్నవి

పాఠకుల నుంచి రచయితకు చేరేదాన్ని కనీసం నాలుగు రకాలుగా విడదీయవచ్చు. మొదటిది ఆనవాలు: ఎవరో చదివారని తెలియడం, అంతకు మించి ఏమీ లేదు. రెండోది మెచ్చుకోలు. మూడోది తీర్పు, అంటే ఇది మంచిది, ఇది తక్కువది, ఇది ఫలానా దానికన్నా మేలు అని తూకం వేయడం. నాలుగోది చదివిన అనుభవాన్ని చెప్పడం: ఎక్కడ ఆగిపోయారు, ఎక్కడ కళ్లు చెమర్చాయి, ఎక్కడ దారి తప్పారు, ఏ వాక్యాన్ని రెండుసార్లు చదవాల్సి వచ్చింది అన్నది. ఒకే ఉత్తరంలో ఈ నాలుగూ కలిసి రావచ్చు. కానీ రచయిత మీద ఒక్కోటి చేసే పని వేరు.

ప్రేరణ కూడా ఒక్కటి కాదు. రాయడం మొదలుపెట్టించేది ఒకటి, మొదలుపెట్టినదాన్ని విడిచిపెట్టకుండా ఉంచేది ఇంకొకటి, ఇంకా బాగా రాయాలని పురికొల్పేది మరొకటి. చిన్నప్పుడు చదివిన ఒక కథ వల్లనో, చెప్పుకోక తప్పని ఒక బాధ వల్లనో రాయడం మొదలుపెట్టేవారే ఎక్కువ. అప్పటికి పాఠకులే లేరు. పాఠకుల పాత్ర ప్రధానంగా కనిపించేది రెండో దశలో, అంటే అయిదో కథ తరువాత ఆరో కథ రాయాలా వద్దా అని మనసు ఊగిసలాడే దగ్గర.

లోపలి ఇష్టం, బయటి ప్రతిఫలం

పని మీద ఉన్న ఇష్టంతోనే ఆ పని చేయడాన్ని మనస్తత్వ శాస్త్రం లోపలి ప్రేరణ అంటుంది. డబ్బు, పేరు, భయం వంటి వాటి కోసం చేయడాన్ని బయటి ప్రేరణ అంటుంది. ఈ రెండూ ఒకదానికొకటి తోడై పెరుగుతాయని సాధారణంగా అనుకుంటాం. అన్నిసార్లూ అలా జరగదని 1971లో ఎడ్వర్డ్ డెసీ ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి. ముక్కలు పేర్చే ఒక చిక్కుముడి ఆటను విద్యార్థులకు ఇచ్చి, కొందరికి విప్పిన ప్రతి చిక్కుకూ డబ్బు ఇచ్చారు. డబ్బు ఆపేశాక, ఖాళీ సమయంలో ఏం చేసినా ఫరవాలేదని వదిలేసినప్పుడు, డబ్బు రుచి చూసినవారిలో ఆ ఆట మీద ఆసక్తి తగ్గింది. విద్యార్థి పత్రికకు శీర్షికలు రాసేవారితో చేసిన ప్రయోగంలోనూ ఇదే ధోరణి కనిపించింది. అయితే డబ్బుకు బదులు నోటి మాటతో మెచ్చుకున్న బృందంలో ఆసక్తి అలా పడిపోలేదు.

పాఠకుల మెచ్చుకోలు కూడా బయటి నుంచి వచ్చేదే కదా, మరి అది డబ్బులా ఎందుకు పనిచేయలేదు? డెసీ, రిచర్డ్ రయాన్ తరువాతి సంవత్సరాల్లో అభివృద్ధి చేసిన సిద్ధాంతం దీనికి ఒక సమాధానం ఇస్తుంది. మనిషికి మూడు మౌలికమైన అవసరాలు ఉంటాయి: తన పని తన ఇష్టప్రకారం చేస్తున్నానన్న భావన, ఆ పని తనకు చేతనవుతోందన్న నమ్మకం, ఇతరులతో తనకొక బంధం ఉందన్న ఎరుక. బయటి నుంచి వచ్చిన మాట ఈ మూడింటిలో దేనికైనా ఊతమిస్తే లోపలి ఇష్టం బలపడుతుంది. అదే మాట మనిషిని అదుపు చేస్తున్నట్టు అనిపిస్తే ఇష్టం సన్నగిల్లుతుంది. "మీ కథలో ఆ వాన నాకు వినిపించింది" అన్న మాట చేతనవుతోందన్న నమ్మకాన్నీ బంధాన్నీ ఒకేసారి ఇస్తుంది. "వచ్చే నెల కూడా ఇలాంటిదే రాయాలి సుమా" అన్న మాటలో ప్రేమ ఉన్నా, చిన్న పగ్గం కూడా ఉంది.

రాతకు నేరుగా సంబంధించిన మరో ప్రయోగాన్ని థెరెసా అమాబిలీ 1985లో ప్రచురించారు. సృజనాత్మక రచన చేసే 72 మంది చేత చిన్న కవితలు రాయించారు. రెండో కవితకు ముందు కొందరిని పేరు, డబ్బు, గుర్తింపు వంటి కారణాల గురించి, మరికొందరిని రాయడంలోని ఆనందం వంటి కారణాల గురించి కాసేపు ఆలోచించమన్నారు. అంతకుమించి ఎవరికీ బహుమతి ఇవ్వలేదు, ఎవరినీ బెదిరించలేదు. అయినా బయటి కారణాలను తలచుకున్నవారి కవితల్లో సృజన తగ్గిందని, ఎవరు ఏ బృందమో తెలియకుండా చదివిన కవులు తేల్చారు. పాఠకులు ఏమంటారో అన్న తలపు కలం పట్టుకున్న క్షణంలోనే మనసులో కూర్చుంటే రాతకు నష్టమని చెప్పేవారి చేతిలో ఇంతకన్నా బలమైన ఆధారం లేదు. కానీ ఆ ప్రయోగంలో తలచుకున్నది ప్రతిఫలాన్ని. చదివే మనిషిని తలచుకోవడం దానికి సమానం కాదు. ఈ తేడాను చాలామంది పట్టించుకోరు.

ఒకే కథ, నాలుగు ఉత్తరాలు

ఈ తేడాలను దగ్గరగా చూడటానికి ఒక ఉదాహరణ కల్పించుకుందాం. ఒకామె తన రెండో కథ రాసింది. తండ్రి పోయాక కొడుకు ఇంటికి వచ్చి పాత పెట్టె సర్దుతుంటాడు. అడుగున తల్లి చేతిరాతతో ఉన్న ఉత్తరాల కట్ట దొరుకుతుంది. అతను దారం విప్పుతాడు, పైనున్న ఉత్తరం మడత మీద వేలు పెడతాడు, మళ్లీ దారం చుట్టి కట్టను ఎక్కడ ఉందో అక్కడే పెట్టేస్తాడు. ఈ కథకు నాలుగు స్పందనలు వచ్చాయి.

మొదటి ఉత్తరం: "కథ చాలా బాగుంది. ఇలాగే రాస్తూ ఉండండి." రెండోది: "మీది పుట్టుకతో వచ్చిన ప్రతిభ. మీలా రాసేవారు అరుదు." మూడోది: "శైలి పాతది. ఇలాంటివి చాలా చదివాం." నాలుగోది: "అతను మళ్లీ దారం చుట్టిన చోట ఆగిపోయాను. విప్పి చదువుతాడనుకున్నాను. చదవకపోవడమే సరైనదని ఒక నిమిషం తరువాత తోచింది. కానీ ఎందుకు చదవలేదో కింది పేరాలో మీరే చెప్పేశారు. అది లేకపోయినా నాకు తెలిసేది."

మొదటి ఉత్తరం సంతోషం కలిగిస్తుంది, సందేహం లేదు. దాని ఆయుష్షు మాత్రం ఒక సాయంత్రం. ఏది బాగుందో చెప్పలేదు కాబట్టి మరుసటి రోజు రాయడానికి కూర్చున్నప్పుడు దాన్నుంచి పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

రెండోది మరింత పెద్ద మెచ్చుకోలులా కనిపిస్తుంది, కానీ దాని చూపు కథ మీద లేదు, మనిషి మీద ఉంది. ఇలాంటి ప్రశంస చేసే పని గురించి క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన పరిశోధన ప్రసిద్ధమైనది. బొమ్మల చిక్కుప్రశ్నలు విప్పిన అయిదో తరగతి పిల్లల్లో కొందరిని తెలివైనవారని, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తెలివికి మెప్పు పొందిన పిల్లలు ఆ తరువాత ఓడిపోయే అవకాశం లేని తేలిక పనుల వైపు మొగ్గారు. కష్టమైనది ఎదురై తప్పులు వచ్చినప్పుడు త్వరగా డీలాపడ్డారు. పిల్లలకు వర్తించినది ఉన్నదున్నట్టుగా పెద్ద రచయితలకు వర్తిస్తుందని చెప్పలేం. కానీ మొదటి పుస్తకానికి మహాప్రతిభ అనిపించుకుని రెండో పుస్తకం దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయినవారి అవస్థ దీనికి దూరమైనదేమీ కాదు. ప్రతిభావంతురాలన్న పేరు ఒకసారి వచ్చాక, తరువాతి కథ ఆ పేరును నిలబెట్టే పరీక్ష అవుతుంది. పరీక్షను వాయిదా వేయాలనిపించడం సహజం.

మూడో ఉత్తరం నొప్పిస్తుంది. ఒక నింద పది ప్రశంసలను తుడిచిపెట్టగలదన్నది అందరి అనుభవమే. చెడు అనుభవం మంచి అనుభవం కన్నా గాఢంగా నాటుకుంటుందని మనస్తత్వ పరిశోధనలు పదే పదే గమనించాయి. అయితే ఈ ఉత్తరంలోని అసలు లోపం కటువుతనం కాదు. "పాతది" అన్న మాటతో ఆమె ఏ వాక్యాన్ని మార్చుకోవాలి?

నాలుగో ఉత్తరంలో విమర్శ ఉంది, మెచ్చుకోలు అన్న మాటే లేదు. అయినా ఆమెను మళ్లీ బల్ల దగ్గరికి తీసుకెళ్లేది అదే. పాఠకుడు దారం చుట్టిన చోట ఆగాడంటే ఆ వాక్యం పని చేసిందన్నమాట. వివరణ అక్కర్లేదన్నాడంటే తన పాఠకుడి మీద తానే నమ్మకం ఉంచలేదని ఆమెకు అర్థమవుతుంది. ఆమె ప్రతి తీసి ఆ పేరా మీద అడ్డంగా పెన్సిల్ గీత గీస్తుంది. ఇంకోసారి చదివి, గీత సరైనదేనని తేల్చుకుంటుంది. ఆ గీత నుంచి మూడో కథ మొదలవుతుంది, ఎందుకంటే చెప్పకుండా ఎంతవరకు వదిలేయవచ్చు అన్న ప్రశ్న ఇప్పుడు ఆమెకు దొరికింది.

ఈ నాలుగు ఉత్తరాల మధ్య కనిపించిన తేడాకు 1996లో అవ్రహం క్లూగర్, ఏంజెలో డెనిసి చేసిన సమీక్ష ఆధారం ఇస్తుంది. పని గురించి మనుషులకు ఇచ్చే స్పందన మీద అప్పటివరకు జరిగిన అధ్యయనాల నుంచి 607 ఫలితాలను వారు పోగుచేసి చూశారు. సగటున స్పందన మేలే చేసింది. కానీ మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో స్పందన తరువాత పనితీరు దిగజారింది. మెప్పా, నిందా అన్న తేడాతోనే ఇది తేలలేదు. స్పందన మనిషి దృష్టిని పని మీదకు మళ్లించినప్పుడు మేలు జరుగుతుందని, తన మీదకు, అంటే నేనెంతటివాణ్ని అన్న ఆలోచన మీదకు మళ్లించినప్పుడు ఆ మేలు తగ్గిపోతుందని వారు వివరించారు.

నింద కన్నా మౌనం ఎక్కువగా మాన్పిస్తుందా?

విమర్శకు భయపడి రాయడం మానేస్తారని అనుకుంటాం. 2014లో వార్తా సైట్లలో తమ అభిప్రాయాలు రాసే లక్షలాది మందిని పరిశీలించిన ఒక అధ్యయనం ఈ ఊహను తలకిందులు చేసింది. తమ రాతకు వ్యతిరేక ఓట్లు పడినవారు మానేయలేదు. మరింత ఎక్కువగా రాశారు, కాకపోతే నాణ్యత పడిపోయింది, ఇతరుల మీద వారు కూడా కఠినంగా ఓట్లు వేయసాగారు. అనుకూల ఓట్లు పడినవారు అదనంగా రాసిందీ లేదు, మెరుగుపడిందీ లేదు. అందరికన్నా ఎక్కువగా వెళ్లిపోయినవారు ఏ స్పందనా రానివారు.

కోపంతో రాసే నాలుగు వాక్యాలూ ఏడాది పాటు రాసే నవలా ఒకటి కావు కాబట్టి ఈ ఫలితాన్ని జాగ్రత్తగా వాడుకోవాలి. కానీ మౌనం గురించి అది చెప్పింది నమ్మదగినదే. నిందించేవాడు కూడా చదివినవాడే. మౌనంలో మాత్రం చదివారో లేదో, చదివి నచ్చక ఊరుకున్నారో, నచ్చి కూడా చెప్పడానికి మొహమాటపడ్డారో తెలియదు. తెలియని చోట మనసు చెడ్డ అర్థాన్నే ఎంచుకుంటుంది. నిజానికి పాఠకుల్లో ఎక్కువమంది నచ్చినా ఏమీ రాయరు. మనలో ఎవరికి వారు గుర్తు చేసుకుంటే, ఎంతగానో కదిలించిన పుస్తకాల రచయితల్లో ఎందరికి ఆ మాట చెప్పాం?

అనుకూల ఓట్లు ఏమీ మార్చలేదన్నదానికి ఎదురు నిలిచే ఫలితం ఒకటుంది. 2012లో ఇద్దరు పరిశోధకులు వికీపీడియాలో అత్యధికంగా రాసే ఒక శాతం మందిలోంచి 200 మందిని తీసుకుని, వారిలో సగం మందికి యాదృచ్ఛికంగా ఒక అభినందన గుర్తును పంపారు. దాని విలువ కృతజ్ఞత మాత్రమే. తరువాతి 90 రోజుల్లో ఆ గుర్తు అందినవారి పని అందనివారి కన్నా 60 శాతం ఎక్కువగా ఉంది. ఓటు ఏమీ చేయలేని చోట అభినందన ఇంత చేసిందంటే, ఒకటి ఎవరిదో తెలియని చేతి నుంచి వచ్చిన అంకె, మరొకటి తన శ్రమను చూసి ఒకరు తన పేరున పంపిన కృతజ్ఞత కావడమే కారణమని నా అభిప్రాయం. వీరు అప్పటికే ఆ పనిలో మునిగినవారన్నదీ గుర్తుంచుకోవాలి. ఆరిపోయిన పొయ్యికి గాలి ఊదితే మంట రాదు.

అంకె చెప్పేదెంత, చెప్పనిదెంత

చూసినవారి సంఖ్య, మెచ్చినవారి సంఖ్య రచయితకు అందే స్పందనల్లో అతి పలచనివి, అయినా అతి బలంగా లాగేవి. అవి ఎప్పుడు పెరుగుతాయో ముందుగా తెలియకపోవడమే ఆ లాగుడుకు కారణం. ఎన్నోసారికి బహుమతి వస్తుందో తెలియనప్పుడు జీవి ఆ పనిని అంత తేలికగా విడిచిపెట్టదని మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలు ఏనాడో చూపించాయి. ఇక్కడ రచయిత గమనించాల్సిన మెలిక ఉంది: ఆ లాగుడు రాయడం వైపు కాకుండా అంకెను మళ్లీ మళ్లీ చూసుకోవడం వైపు ఉండవచ్చు. గంటలో పదిసార్లు అంకె చూసిన మనిషి ఒక్క వాక్యమూ రాసి ఉండకపోవచ్చు.

పైగా ఆ అంకె నాణ్యతకు నమ్మకమైన కొలబద్ద కాదు. 2013లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో లక్షకు పైగా రాతలను తీసుకుని, కొన్నింటికి పుట్టగానే యాదృచ్ఛికంగా ఒక్క అనుకూల ఓటు వేశారు. చివరికి వాటి సగటు స్కోరు మిగతావాటి కన్నా 25 శాతం ఎక్కువగా తేలింది. ముందు వచ్చిన ఒక్క మెప్పు తరువాతివారి మెప్పును తెచ్చింది. కనుక తక్కువ అంకె వచ్చిన రాత తక్కువదని, తనకు రాయడం చేతకాదని నిర్ణయించుకోవడం కొత్త రచయిత తనకు తాను చేసుకునే అన్యాయం.

పాఠకుల ప్రేమ దారి మళ్లించినప్పుడు

స్పందన కొనసాగిస్తుంది సరే, దేన్ని కొనసాగిస్తుంది? ఆర్థర్ కానన్ డాయిల్ తన చారిత్రక నవలలే అసలైన కృషి అనుకున్నాడు. షెర్లాక్ హోమ్స్ కథలు వాటికి అడ్డు వస్తున్నాయని 1893లో ఆ డిటెక్టివ్‌ను చంపేశాడు. పాఠకులు మండిపడ్డారు, కోపంతో ఉత్తరాలు రాశారు. 1901లో, చావుకు ముందు జరిగిన కథగా, హోమ్స్ తిరిగి వచ్చాడు. 1903లో బతికే ఉన్నాడని ప్రకటించక తప్పలేదు. ఆ తరువాత రెండు దశాబ్దాలకు పైగా ఆ కథలు వస్తూనే ఉన్నాయి. పాఠకులకు అది లాభమే. రచయితకు ఏది లాభమన్నది ఆయన మాటను బట్టి చూస్తే మరోలా ఉంటుంది.

థామస్ హార్డీ విషయంలో నింద అదే పని మరోవైపు నుంచి చేసింది. 1895లో వచ్చిన ఆయన నవల మీద ఎంత దుమారం రేగిందంటే, దాన్ని తగలబెట్టానని ఒక బిషప్ బహిరంగంగా చెప్పాడు. నవలలు రాయాలన్న ఆసక్తి ఆ అనుభవంతో, జబ్బు నయమైనట్టు, తనలో పూర్తిగా పోయిందని హార్డీ తరువాత రాశాడు. కానీ ఆయన కలం ఆగలేదు. 1898లో మొదటి కవితా సంపుటి వచ్చింది. 1928లో చనిపోయేవరకు కవిత్వం రాస్తూనే ఉన్నాడు. పాఠకులు ఒక తలుపు మూయగలిగారు, ఇల్లు ఖాళీ చేయించలేకపోయారు.

ఎవరూ చదవకపోయినా రాసినవారి సంగతి

పాఠకుడు అక్కర్లేదనే వాదానికి మన సంప్రదాయంలో తరచుగా సంస్కృత కవి భవభూతిని సాక్ష్యంగా తెస్తారు. తనను తీసిపారేసేవారిని ఉద్దేశించి, ఈ ప్రయత్నం మీ కోసం కాదని, నాతో సమానధర్మం కలవాడు ఎప్పుడో పుడతాడని, కాలానికి అంతు లేదని, భూమి విశాలమైనదని ఆయన అన్నాడు. ధిక్కారం నిజమే. కానీ అందులో పాఠకుణ్ని కాదనడం లేదు. ఇంకా పుట్టని పాఠకుడి మీద పెట్టుకున్న కొండంత ఆశ ఉంది.

పాశ్చాత్యులు తెచ్చే సాక్షి ఎమిలీ డికిన్సన్. దాదాపు 1800 కవితలు రాసి, బతికుండగా పది దాకా మాత్రమే అచ్చులో చూసిన ఆమెను ఏ స్పందనా లేకుండా రాసిన మనిషికి నమూనాగా చూపిస్తారు. వివరాల్లోకి వెళితే చిత్రం మారుతుంది. పక్క ఇంట్లో ఉన్న వదిన సూసన్‌కు ఆమె 250కి పైగా కవితలు పంపింది. 1861లో ఒక కవిత రెండో చరణం సూసన్‌కు నచ్చకపోతే, ఇది నీకు ఇంకా బాగుంటుందేమో అంటూ కొత్త చరణం రాసి పంపింది.

1862 ఏప్రిల్‌లో, తన 31వ ఏట, అంతవరకు పరిచయం లేని థామస్ వెంట్‌వర్త్ హిగ్గిన్సన్ అనే రచయితకు నాలుగు కవితలు జతచేసి ఉత్తరం రాసింది. తన పద్యంలో ప్రాణం ఉందో లేదో చెప్పే తీరిక మీకుందా అన్నది అందులోని ప్రశ్న. ఆయన ఆ కవితలను పూర్తిగా అందుకోలేకపోయాడు. లోపాలు ఎత్తిచూపాడు, అచ్చుకు తొందరపడవద్దన్నాడు. ఆ శస్త్రచికిత్సకు కృతజ్ఞతలని, అనుకున్నంత నొప్పి కలగలేదని ఆమె జవాబిచ్చింది. ఆయన సూచించినట్టు కవితలను దిద్దుకోలేదు, ఉత్తరాలు రాయడమూ మానలేదు. మెప్పు దొరకని, సలహా పనికిరాని ఆ ఉత్తరప్రత్యుత్తరాలు ఆమె చనిపోయిన 1886 వరకు సాగాయి. 1869లో ఆయనకు రాసిన ఒక ఉత్తరంలో, మనం చేసే అతి గొప్ప పనులు మనకే తెలియవని, నా ప్రాణం కాపాడిన సంగతి మీకు తెలియదని ఆమె రాసింది.